ఫోన్ లాక్ పడితే పథకం డబ్బు ఆగుతుందా?

(పొదుపు సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)



పోయిన నెల మన సంఘంలో ఒక అక్క ఏడుస్తూ వచ్చింది. మనవడు ఆడుకుంటూ ఫోన్‌కి కొత్త ప్యాటర్న్ పెట్టాడు. తర్వాత వాడికే గుర్తులేదు. "నా పింఛను ఆగిపోతుందా? అమ్మాయికి తల్లికి వందనం పడదా?" అని ఒకటే కంగారు.

ఏదీ ఆగదు. పింఛను సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి చేతికిస్తారు. తల్లికి వందనం ఆధార్ లింకైన బ్యాంకు ఖాతాలో పడుతుంది. డబ్బు ఫోన్‌లో ఉండదమ్మా.

పోయింది మాత్రం వేరే. తప్పు ప్యాటర్న్ గీసేకొద్దీ ఫోన్ ఇంకా ఎక్కువసేపు ఆగమంటుంది. చివరికి దుకాణంలో ఇచ్చారు. వాళ్లు లాక్ తీయలేదు, ఫోన్ మొత్తం చెరిపేశారు. మామూలుగా జరిగేది అదే. ఆ తర్వాత కూడా పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడిగింది. చనిపోయిన బావగారి ఫోటోలు గూగుల్‌లో దాచుకోలేదు, అవి ఇక రావు.

ఇంకో సంగతి. ఆ రోజు సిమ్ తీసి కూతురి ఫోన్‌లో వేస్తే ఓటీపీ టక్కున వచ్చింది. అందరూ సంతోషపడ్డారు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. ఫోన్ కొట్టేసినవాడూ ఇదే చేస్తాడు కదా! ఫోన్ లాక్ సిమ్‌ను కాపాడదు. సిమ్‌కి విడిగా పిన్ పెట్టాలి, సెట్టింగ్స్‌లో ఉంటుంది. మొదట కంపెనీ ఇచ్చిన పిన్ అడుగుతుంది. ఊహించి కొట్టకండి, వాళ్ల దుకాణంలో అడగండి. మూడుసార్లు తప్పితే పీయూకే నంబర్ అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే సిమ్ పనికిరాదు. లాక్ ఉన్నా ఓటీపీ తెర మీద కనబడుతుంటే, నోటిఫికేషన్లలో దాన్ని దాచేయండి.

నాలుగంకెల పిన్‌కి 10,000 రకాలే, ఆరంకెలకి 10 లక్షలు. పుట్టిన సంవత్సరం, 123456 వద్దు. ఫోన్‌పే పిన్ వేరేది పెట్టుకోండి. రాసుకుంటే బీరువాలో పెట్టండి, ఫోన్ కవర్‌లో కాదు. (నవ్వకండి, ఇక్కడే ఇద్దరి కవర్లలో చూశాను.)

ఫోన్ పోతే ముందు సిమ్ ఆపించండి, తర్వాత బ్యాంకుకి చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీలో ఫోన్‌నే బ్లాక్ చేయించవచ్చు. దానికి ఐఎంఈఐ నంబర్ కావాలి.

ఇప్పుడే ఫోన్లు తీయండి. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కండి. వచ్చిన 15 అంకెలు పొదుపు పుస్తకం వెనక అట్ట మీద రాసుకోండి. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లు వస్తాయి, రెండూ రాయండి. పెన్ను లేనివాళ్లు ఇటు రండి.