ఇంటి కంప్యూటర్‌లోనూ ఒక రిజిస్టరు ఉంది
(కొత్తవలసలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇన్వర్డు, డిస్పాచ్, పర్సనల్ రిజిస్టరు. ఈ మూడింటి మధ్యనే నా సర్వీసంతా గడిచింది. ఏ కాగితం ఏ రోజు వచ్చిందో రాయకుండా ఏ పూటా ఇంటికి వెళ్లిన వాణ్ణి కాను. అటువంటి నేను ఇంట్లో ఉన్న రిజిస్టరును సరిగా చదవలేక సొంత మనవణ్ణి దొంగను చేశాను. ఆ సంగతి మీ ముందు చెప్పుకోవాలనే ఈ కాస్త సమయం అడిగాను.

మా అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. మా కంప్యూటర్ మొరాయిస్తే టీమ్‌వ్యూయర్ అనే ప్రోగ్రాం ద్వారా అక్కడి నుంచే బాగు చేస్తాడు. తెర మీది నంబరు, పాస్‌వర్డు ఫోనులో చెబితే చాలు. ఇంటి తాళం చెవి ఇచ్చినట్టే.

కిందటి ఏడాది ఒక రోజు పదకొండు గంటల వేళ ఫోను వచ్చింది. "కేవైసీ ఆగిపోయింది సార్, ఈ నెల పెన్షన్ పడదు" అన్నాడు ఎవరో. పెన్షన్ పడదంటే మనకు కాళ్లూ చేతులూ ఆడవు గదా! ఆ నంబరు, పాస్‌వర్డు చెప్పేశాను. బ్యాంకు పేజీ తెరవమంటే తెరిచాను. తెర నల్లబడింది. సెల్‌ఫోనుకు వచ్చిన ఓటీపీ కూడా చదివి చెప్పాను. చివరికి "సర్వర్ పనిచేయడం లేదు, రేపు చేస్తాను" అని పెట్టేశాడు. సాయంత్రం మెసేజ్ చూసుకుంటే 18,500 రూపాయలు లేవు.

సిగ్గేసింది. ఫోను సంగతి ఇంట్లో చెప్పకుండా మింగేశాను. మా అబ్బాయి ఒకప్పుడు చూపించిన ఫైలు గుర్తొచ్చి తెరిచాను. సి డ్రైవులో ప్రోగ్రాం ఫైల్స్, అందులో టీమ్‌వ్యూయర్, అందులో 'కనెక్షన్స్ ఇన్‌కమింగ్' అనే టెక్స్ట్ ఫైలు. వచ్చిన వాడి నంబరు, పేరు, ప్రవేశించిన సమయం, వెళ్లిన సమయం వరుసగా ఉంటాయి. మన కొత్తవలస స్టేషన్‌లో కిరండూల్ బండి రాకపోకలు రాసుకున్నట్టే.

ఆ రోజు ఒక్కటే వరుస ఉంది. వచ్చింది 5.41కి, వెళ్లింది 6.03కి. పదకొండు గంటలకు ఎవరూ రాలేదు! నా తప్పు కాదన్నమాట అని ప్రాణం లేచొచ్చింది. మరి తెల్లవారుజామున కంప్యూటర్ దగ్గర ఎవరుంటారు? ఇంటర్ చదివే మా మనవడు. "తాతా, నేనేటీ ముట్టుకోలేదు" అని ఎంత మొత్తుకున్నా వినలేదు. రెండు రోజులు వాడు సరిగా అన్నం తినలేదు. మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది.

నాలుగో రోజు మా అబ్బాయికి ఆ వరుస చదివి వినిపించాను. "నాన్నా, అందులో ఉండేది గ్రీన్‌విచ్ టైము. అయిదున్నర గంటలు కలపండి" అన్నాడు. కాకినాడ పక్కగా పోయే 82½ డిగ్రీల రేఖను బట్టి మన దేశ కాలం లెక్కిస్తారని చిన్నప్పుడు బడిలో చదివినవాళ్లమే! కలిపి చూశాను. 11.11 నుంచి 11.33. డబ్బు పోయిన మెసేజ్ 11.26.

అప్పుడు 1930కి ఫోను చేశాను. నాలుగు రోజుల ఆలస్యం వల్ల డబ్బు చేతులు మారిపోయింది. రిజర్వు బ్యాంకు 2017 ఉత్తర్వు ప్రకారం, రహస్య వివరాలు మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేవరకు నష్టం మనదే; తెలియజేసిన తర్వాత జరిగేది బ్యాంకుది. కాబట్టి రిజిస్టరు తర్వాత చూడవచ్చు, ముందు ఫోను చేయండి.

ఎనీడెస్క్ వాడేవారికి 'కనెక్షన్ ట్రేస్' అనే ఫైలు ఉంటుంది. అందులో 'యూజర్' అని ఉంటే మన కంప్యూటర్ దగ్గరున్నవారు ఒప్పుకుంటే వచ్చాడని, 'రిజెక్టెడ్' అంటే తిప్పి పంపామని అర్థం. ఇలాంటి మోసం గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ప్రోగ్రాములది తప్పు కాదు లెండి, చెవి ఇచ్చింది నేను. కోపంతో ప్రోగ్రాం తీసేసే ముందు ఆ ఫైలు నకలు వేరే చోట దాచండి. ఇంకో మాట, ఎవరు వచ్చారో, ఎంతసేపు ఉన్నారో అందులో ఉంటుంది గాని ఏం చేశారో ఉండదు. దానికి బ్యాంకు స్టేట్‌మెంటు పక్కన పెట్టుకోవాలి.

ఆ రాత్రి మనవణ్ణి పిలిచి ఫోను సంగతంతా చెప్పాను. వాడు ఏమీ అనలేదు. కాగితం తీసుకుని 5.41 పక్కన 11.11 అని రాసి ఇచ్చాడు. ఇప్పుడు ప్రతి నెలా పెన్షన్ పడిన రోజున ఇద్దరం కూర్చుని ఆ ఫైలు చూస్తాం, కూడిక వాడిది. ఈ రోజు కూడా వచ్చాడు, బయట వరండాలో ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాడు. చూడదలచినవారు టీ తాగేటప్పుడు అటు రండి.