తరగతి గదిలో స్పానిష్ సంభాషణ

సూళ్లూరుపేట బజారుకు తమిళం మాట్లాడేవారు వస్తే, తెలుగు దుకాణదారు తడుముకోకుండా తమిళంలోనే బేరమాడుతాడు. ఆ వ్యాకరణం ఆయన ఏ బడిలోనూ చదువలేదు. మాట తట్టకపోతే చేత్తో చూపుతాడు, మరొక మాటతో చుట్టుదారిన పోతాడు. బేరం తెగేదాకా వదలడు.

కళాశాలలో స్పానిష్ నేర్చేవారికి కొరవడేది ఈ చొరవే. హైదరాబాదులో 1958లో ఆంగ్లబోధనకై వెలసిన సంస్థ 2007లో ఆంగ్ల, విదేశీ భాషల కేంద్ర విశ్వవిద్యాలయమైనది. అక్కడ స్పానిష్ కూడా బోధిస్తున్నారు. ఏ తరగతిలోనైనా రెండవ ఏట ఒక గండం ఉన్నది. క్రియారూపాలన్నీ వల్లించగల విద్యార్థి, 'నిన్న ఏమి చేశావు?' అని అడిగితే మూగవోతాడు.

తెలుగువాడు ఆ భాషను ఇంగ్లీషు మీదుగా చేరబోవడం ఇందుకొక కారణమని నా అభిప్రాయం. 'మే గుస్తా ఎల్ కఫే' అనేది 'నాకు కాఫీ ఇష్టం' అన్న మన వాక్యానికి తోబుట్టువు వంటిది. 'నేను' అనే కర్తను వెదకుతూ కూర్చోనక్కరలేదు. చనువుకు 'తూ', మన్ననకు 'ఉస్తెద్' ఉన్నవి. అవి మన నువ్వు, మీరులే. రకారంతో మాత్రం జాగ్రత్త: 'పెరో' అంటే కాని, 'పెర్రో' అంటే కుక్క!

అధ్యాపకులు విద్యార్థులను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి బేరమాడించవలె. గొడుగుకు మాట తెలియనివాడు 'వానలో తలపై పట్టేది' అంటే చాలును. తప్పులను బేరం ముగిసిన తరువాతనే దిద్దవలె. నడుమ దిద్దితే నోరు మూతపడుతుంది. జవాబు చివర 'ఇ తూ?', అంటే 'మరి నువ్వో?', అని ఎదురు ప్రశ్న వేయడం అలవాటు చేయవలె. అది లేనినాడు జరిగేది సంభాషణ కాదు, సాక్షి విచారణ.