క్రింద అంగడి, పైన కాపురము

పోపు వేయబోవు వేళకు ఆవాలు నిండుకొన్నవని తెలియుట ప్రతి ఇంటిలోను జరుగునదే. పిల్లవాని చేతికి డబ్బులిచ్చి వీథి మొగలోని కొట్టుకు పంపగల ఇల్లు ఒకటి. ఆ పిడికెడు ఆవాలకే బండి తీయవలసిన ఇల్లు మరియొకటి. ఈ రెండిళ్లకు గల భేదమే నేటి మా ప్రసంగ విషయము.

క్రింద దుకాణములు, పైన నివాసములు గల భవన సముదాయములను హైదరాబాదులో నేడు సరిక్రొత్త పద్ధతిగా చెప్పుచున్నారు. నిజమునకు ఇది ఈ నగరమునకు పాత పరిచయమే. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచినది. వేలకొలది ప్రాణములు పోయినవి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. జనులు దానిని 'ఆరాయిషే బల్దా' అనిరి. ఇరుకు సందులను తొలగించుట, వీథులను వెడల్పు చేయుట, ఇండ్లు కట్టించుట దాని విధులు. చార్మినారు నుండి నది వైపునకు పోవు దారిలోని పత్తర్‌గట్టి ఆ సంస్థ కట్టించినదే. ముందు రాతి కమానుల వరుస, ఆ నీడలో నడకదారి, వెనుక అంగళ్లు, పైన నివాసములు. బాటసారికి ఎండలో గాని వానలో గాని గొడుగుతో పని లేదు. 1950 తరువాత చండీగఢ్ నగరమును నిర్మించిన వారును ఇట్లే అంగడి మీద ఇల్లు కట్టిరి.

ఈ ఏర్పాటులో మేలు స్పష్టమే. వీథిలో పగలును రాత్రియు మనుష్యుల అలికిడి యుండును. వృద్ధులు మందుల కొరకు దూరము పోనక్కరలేదు. చిన్న వర్తకునకు కొనువారు మెట్లు దిగి వత్తురు.

చిక్కులును కలవు. క్రింద ఫలహారశాల పెట్టినచో మరిగిన నూనె పొగ పై ఇంటి కిటికీలోనికి వచ్చును. తెల్లవారకమునుపే సరుకుల లారీ మ్రోగును. కాబట్టి కాపురములకు మెట్లదారి వేరుగా ఉండవలెను. పొగగొట్టము మిద్దె దాటి పోవలెను. సరుకు దించు చోటు, అంగళ్లు మూయు వేళ ముందే ఒప్పందములో వ్రాయబడవలెను. 2016 నాటి స్థిరాస్తి చట్టము ప్రకారము, కొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది వ్రాతపూర్వకముగా ఒప్పుకొననిదే కట్టువారు ఆమోదము పొందిన నమూనాను మార్చరాదు. కొనబోవు వారు ఈ మాట మరువరాదు.

ఇక నగరపు అంచునకు పోదము. మొయినాబాదు, చేవెళ్లల దారి పొడవునను మహా మర్రివృక్షములు కలవు. ఆ నీడన సాగి షాబాదు వైపునకు మరలినచో చందనవెల్లి వచ్చును. అచ్చటి పొలములలో పారిశ్రామికవాడ వెలసినది. వస్త్రపరిశ్రమ వచ్చినది, డేటా కేంద్రములు వచ్చినవి. పని ఉన్న చోటికి మనుష్యులు వత్తురు; మనుష్యులకు ఇండ్లు కావలెను, ఇండ్లకు అంగళ్లు కావలెను. నేడు కంది, కూరగాయలు పండు నేలలో రేపు ఏ విధమగు పేట లేచునను ప్రశ్న అచ్చటి వారికి వినోదపు చర్చ కాదు.

ఒక విధము ఎత్తైన ప్రహరి, ద్వారము కడ కావలివాడు, లోపల కొందరికే అంగళ్లు. ఆ గోడ వెలుపల ఊరు చీకటిలో మిగులును. మరియొక విధము పత్తర్‌గట్టి వలె వీథికి ముఖము చూపునది. అచ్చట ఊరివాడును, వచ్చినవాడును ఒకే నీడన నడతురు. భూములు వదలుకొన్న కుటుంబములకు ఆ క్రింది వరుసలో ఒక్కొక్క కొట్టు లభించినచో, పొలము పోయినను బ్రతుకుదెరువు పోదు.

నీటి మాటయు తలపవలెను. మూసీ వరదల నరికట్టుటకే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. వాటి రక్షణకై 1996లో 111వ సంఖ్య ఉత్తర్వు 84 గ్రామములలో కట్టడములకు హద్దు పెట్టినది. నీటికి హాని కలుగరాదను నియమముతో 2022లో ప్రభుత్వము ఆ హద్దులను సడలించినది. ఈ ప్రాంతమున ఇల్లు కట్టువాడు మురుగు ఎటు పోవునో చెప్పిన పిదపనే పునాది త్రవ్వవలెను.

నూరేండ్ల క్రిందట వరద నేర్పిన పాఠముతో మన పెద్దలు కమానులు కట్టిరి. వరద రాకమునుపే ఆ పాఠమును మనము చదువుకొనలేమా?