తోటలో తిరుగు చిన్న కారు



కడచిన వేసవిలో మా కొబ్బరితోటలో నేనొక చిన్న బండిని నడుపుచుండగా, మా గ్రామపు పెద్ద యొకరు గట్టుపై నిలిచి, "ఏమండోయ్ మాస్టారూ, ఎడ్లు లేవు, గుఱ్ఱం లేదు, చూడబోతే పాతకాలపు జమీందారు కారులా వుంది. ఏమిటండీ ఇది? మనవడికా, మీకా?" అని యడిగిరి. "ఇద్దఱికీనండి" అని చెప్పి తప్పించుకొంటిని. అంతకంటె వివరమైన సమాధానము నేడు మనవి చేసెదను.

దీనిని సైకిలు కార్టు అందురు. 1920 ప్రాంతపు పందెపు కార్ల రూపమున, ఒకరిద్దఱు కూర్చుండుటకు వీలుగా, ఇంటివద్ద స్వహస్తములతో చేసికొను తేలికబండి యిది. ఈ వేడుక 1990ల దశకమున అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టినది. ఇంజను సుమారు 200 ఘన సెంటీమీటర్లు, బరువు 250 పౌన్లు, అనగా రమారమి 113 కిలోలు, మించరాదని వారు నియమము పెట్టుకొనిరి.

దీనికి తాతవంటిది సైకిలుకారు. 1910లో పారిసు నగరమున బూర్బో, దెవో అను నిద్దఱు యువకులు బెడేలియా యను బండిని చేసిరి. అందు నడుపువాడు వెనుకను, తోడివాడు ముందును కూర్చుండెడివారు. ఇట్టి బండ్లు 350 కిలోలకు లోబడియుండవలెనని 1912లో కట్టడి చేసిరి. 1922లో ఆస్టిన్ కంపెనీవారు 'సెవెన్' అను నిజమైన చిన్నకారును చవుకగా అమ్మజొచ్చుటతో వాని కాలము చెల్లినది. నేను రూపమునకు మాత్రము 1924 నాటి బుగాటీ పందెపుకారును ఎంచుకొంటిని. దాని ముందుభాగము గుఱ్ఱపు లాడము ఆకారమున నుండును. రేకును ఆ రీతిగా వంచుట సులభమే. నాలుగు దినముల పని. అసలు కష్టము రూపమున లేదు.

నా మొదటి తప్పు చక్రములలో జరిగినది. పేరులో సైకిలున్నది గదా యని నాలుగు సైకిలు చక్రములు తెచ్చి బిగించితిని. తిన్నగా పోవునంతవఱకు బండి హంసవలె పోయినది. కొబ్బరి వరుస చివర ఎడమకు మలుపు త్రిప్పగానే ముందరి కుడిచక్రము అప్పడమువలె వంకరపోయి మడతపడినది. ప్రక్కన పదమూడేండ్ల మా మనుమడు. బండి బోదెలోనికి ఒరిగినది. మోకాలిలోతు నీరే గనుక మోచేయి చీరుకొనుటతో పోయినది. అదియే పెద్దకాలువ యైనచో ఏమగునో యని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా కోడలు మూడు దినములు నాతో మాటాడలేదు. ఆమె పక్షమున న్యాయమున్నది.

ఆలోచింపగా కారణము తెలిసినది. సైకిలు మలుపు తిరుగునపుడు మనిషితోగూడ లోపలికి ఒరుగును. అందుచే భారము ఎల్లప్పుడును చక్రపు నిలువునకే స్పోకుల వెంబడి దిగును. నాలుగుచక్రముల బండి అట్లు ఒరగలేదు; మలుపులో దాని భారము చక్రమును ప్రక్కనుండి త్రోయును. సన్నని స్పోకులు, ఇరుకైన బొడ్డు ఆ త్రోపునకు ఆగవు. మన యెడ్లబండి చక్రమున బొడ్డు అంత లావుగా, ఆకులు అంత దిట్టముగా నుండుట ఊరక కాదు. గతుకులో బండి ప్రక్కకు ఊగినపుడు కాచునవి అవియే.

పిమ్మట పాత మోటారుసైకిళ్ళ 17 అంగుళముల చక్రములు సంపాదించితిని. ఇందును ఒక చిక్కు గలదు. మోటారుసైకిలులో చక్రపు ఇరుసును ఫోర్కు రెండువైపుల పట్టియుండును. కార్టులో ముందుచక్రమును ఒక్కవైపుననే పట్టవలెను. కావున సన్నని యిరుసులను తీసి, 16 మిల్లీమీటర్ల గట్టి యుక్కు ఇరుసులను, తగిన బేరింగులను వేయించితిని.

ఇక త్రిప్పు ఏర్పాటు. ఎడ్లబండికి ఇరుసొక్కటే గనుక బాధ లేదు. నాలుగుచక్రముల బండి తిరుగునపుడు లోపలి చక్రము చిన్న వలయమును, వెలుపలిది పెద్ద వలయమును గీయును. రెంటిని సమానముగా త్రిప్పినచో ఒకటి నేలను రాచుకొనుచు పోవును. దీనికి ఉపాయమును మ్యూనిక్ నగరమున బండ్లు చేయు లాంకెన్‌స్పెర్గరు కనిపెట్టగా, అతని పక్షమున 1818లో లండనులో ఆకర్మన్ అను నతడు పేటెంటు పొందెను. శ్రమ ఒకనిది, పేరు మాత్రము ఆకర్మన్‌దే నిలిచినది! ఉపాయమిది. వెనుక యిరుసు నడిమినుండి, ముందుచక్రములు తిరుగు రెండు నిలువు శీలలకును రెండు త్రాళ్ళు లాగవలెను. శీలలనుండి వెనుకకు వచ్చు చేతుల కొనలు, అనగా రెండు చక్రములను కలుపు కడ్డీ తగులుకొను చోట్లు, ఆ త్రాళ్ళమీదికి వచ్చునట్లు వంచినచో చాలును. లోపలి చక్రము తనంతట తానే ఎక్కువ తిరుగును. నేను కొబ్బరిపీచు త్రాటితోనే ఈ లెక్క సరిచూచితిని.

మఱియొకటి. ఆ శీలల పైకొనలు సైకిలు ఫోర్కువలె కొంచెము వెనుకకు వాలియుండవలెను. నేను మొదట నిట్టనిలువుగా నుంచితిని. బండి త్రాగినవానివలె అటునిటు ఊగెను. పది డిగ్రీలు వాల్చిన పిమ్మట, చేయి వదలినను తిన్నగా పోవుట నేర్చినది.

ఇంజను మూలపడియున్న నీటిపంపునకు చెందినది. 163 ఘన సెంటీమీటర్లు. నిమిషమునకు 3600 చుట్లు తిరుగును. 12 పళ్ళనుండి 36 పళ్ళకు, మరల 12 నుండి 40కి గొలుసులు వేసితిని. అనగా వేగము పదవవంతై, చక్రము నిమిషమునకు 360 చుట్లు తిరుగును. చక్రపు చుట్టుకొలత 1.75 మీటర్లు గనుక గంటకు దాదాపు 38 కిలోమీటర్లు. బోదెలో పడిన దినము జ్ఞప్తికి వచ్చి, 40 పళ్ళదానిని తీసి 60 పళ్ళది వేసితిని. ఇప్పుడు 25 కిలోమీటర్లు. మనుమనికి కోపము వచ్చినది గాని, వేగము తగ్గుటచే లాగు బలము పెరిగి, వానకు మెత్తబడిన ఒండ్రులో సైతము బండి దిగబడుట లేదు. బలము వెనుక ఎడమచక్రమునకే ఇచ్చితిని; రెంటికిని ఒకే యిరుసుతో ఇచ్చినచో మలుపులో పెనుగులాట తప్పదు. బయలుదేరునపుడు కొంచెము కుడికి లాగును, అంతే. బ్రేకులు మాత్రము రెండు వెనుకచక్రములకును గలవు. వానిని నేనే ప్రతి ఆదివారము విప్పి చూచెదను.

ఇంత చేసియు రోడ్డెక్కించలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రిజిస్టరు కాని వాహనమును బహిరంగ స్థలమున నడుపరాదు. పైగా మన సీమలో కాలువగట్లే త్రోవలు. ఒకవైపు నీరు, వేఱొకవైపు పల్లపు చేను. కావున మకామునుండి కళ్ళమువఱకే దాని ప్రయాణము.

తెలుగునాట ఈ పిచ్చి నాకొక్కనికే యని యెంచవలదు. హైదరాబాదులో కన్యబోయిన సుధాకర్ గారు 2005లో 41 అడుగుల 7 అంగుళముల ఎత్తుగల మూడుచక్రముల సైకిలును చేసి గిన్నిస్ గ్రంథమునకు ఎక్కిరి. బహదూర్‌పురాలో వారు 2010లో తెఱచిన ప్రదర్శనశాలలో బూటు, క్రికెట్ బంతి మొదలగు ఆకారముల కార్లు గలవు. మనుమనికి అవి చూపి వచ్చితిని. మా బండి నొక కొబ్బరికాయవలె మార్చుదమని ఆ దినమునుండి పోరుచున్నాడు. నేను ఒప్పుకొనలేదు.

ప్రస్తుతము బండి బరువు 118 కిలోలు. అమెరికావారి నియమమునకు ఐదు కిలోలు ఎక్కువ. టేకుతో చేయించిన ఆసనము తీసివేసి వెదురుతో అల్లించవలెనని బుట్టలల్లువారికి చెప్పియున్నాను. సంక్రాంతికి ఇచ్చెదమనిరి.