ఎదుగు బిడ్డకు ఇన్సులిను
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కొబ్బరిమొక్కకు ఎంత ఎరువు వేసినను, వేరు పీల్చుకొననిచో మొక్క ఎదుగదు. బిడ్డయు అంతే. మనము తిన్న అన్నము చక్కెరయై రక్తములో చేరును. దానిని కండలలోనికి చేర్చునది ఇన్సులిను. జీర్ణకోశము వెనుకనుండు క్లోమము దీనిని తయారుచేయును. మెదడు క్రిందనుండు పీయూషగ్రంథి ఎదుగుమని ఆజ్ఞ పంపినను, కాలేయము ఆ ఆజ్ఞను చక్కగా నెరవేర్చుటకు ఇన్సులిను కావలయును. కొందరు పిల్లలలో ఇది ఉత్పత్తి యగుట దాదాపు ఆగిపోవును. ఆత్రేయపురము పూతరేకులు తినుటవలన వచ్చునది కాదిది. తల్లి దోషమును కాదు.

అమెరికాలో ఎలిజబెత్ హ్యూస్ అను బాలికకు 1919లో, పదకొండవ యేట ఈ వ్యాధి కనబడెను. అప్పటికి ఇన్సులిను లేదు. తిండి తగ్గించి కడుపు మాడ్చుటయే చికిత్స. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును వేరుచేసిరి. 1922 ఆగస్టులో ఈ బాలికను అచటికి కొనిపోవునప్పటికి వయస్సు ఇంచుమించు పదునైదు, బరువు సుమారు 20 కిలోలు! సూదిమందు మొదలిడగా తిన్నది ఒంటబట్టెను. ఆమె ఎదిగి, పెండ్లాడి, ముగ్గురు బిడ్డల తల్లియై 1981 వరకు జీవించెను.

మందు చాలీచాలక యిచ్చినచో ప్రాణము నిలిచినను ఎదుగుదల కుంటుపడును. అట్టి పొట్టి పిల్లలను, ఉబ్బిన కాలేయముతో, ఫ్రెంచి వైద్యుడు మోరియాక్ 1930లో వర్ణించెను.

"ఒకసారి మొదలుపెట్టిన మానరాదట గదా!" అని భయపడి, పసరుమందు పోయించి సూది మానిపించువారు కలరు. అన్నము మాత్రము మానుదుమా? ఈ బిడ్డలకు సూది మానిన కొలదిదినములలోనే ప్రాణాపాయము.

అతిదాహము, మాటిమాటికి మూత్రము, మానిన పక్కతడుపుట మరల వచ్చుట, తినుచునే చిక్కిపోవుట — వీనిని దిష్టి యనుకొనక, ఆనాడే రక్తపరీక్ష చేయింపవలెను. వాంతులు, ఆయాసము, మగత తోచినచో గడియయైన ఆగక ఆసుపత్రికి చేర్పవలెను.

సీసాలను రిఫ్రిజిరేటరులో ఉంచవచ్చును. మంచుగడ్డ కట్టు అరలో మాత్రము ఉంచరాదు. కరెంటు లేనినాడు, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీరు తగులకుండ, నీడను పెట్టుడు. గోదావరి పొంగి లంకనుండి పడవ ఎక్కునప్పుడు, రేషను కార్డు కంటె ముందు ఆ సీసాను, సూదులను సంచిలో వేసికొనుడు.