బ్యూనస్ ఎయిర్స్ నగరమున అద్దె యిల్లు

ఊరు మారువానికి మొదటి చింత ఇల్లు. దేశమే మారినవానికి ఆ చింత మరింత పెద్దది. అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ ఎయిర్స్ పరదేశుల రాకతో పెరిగిన నగరము. 1914 జనాభా లెక్కలనాటికి అచ్చటి నివాసులలో ఇంచుమించు సగము మంది విదేశములలో పుట్టినవారే. అట్టి నగరము క్రొత్తవారిని ఎట్లు ఆదరించినదో నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

తమ నేలపై నివసింపగోరు లోకములోని సర్వజనులకును స్వాతంత్ర్యఫలములు చెందవలెనని 1853 నాటి అర్జెంటీనా రాజ్యాంగపు పీఠిక చెప్పుచున్నది. అయితే ఆ రాజ్యాంగమే 25వ అధికరణమున ప్రోత్సహింపుమన్నది ఐరోపావారి వలసను. ఓడ దిగినవారికై రేవుప్రక్కనే 1911లో ప్రభుత్వము పెద్ద వసతిగృహమును తెరచెను. ఐదు దినములు భోజనము, పడక ఉచితము. ఆరవనాడు ఎక్కడికి పోవలెను?

ఆ ప్రశ్న అంతకు పూర్వమునుండియు ఉన్నదే. 1871లో పచ్చజ్వరము వ్యాపింపగా ధనికులు నగరపు దక్షిణభాగమును విడిచిపోయిరి. వారి భవనములు గదులుగదులుగా విభజింపబడి అద్దెకు పోయెను. వీనిని ‘కొన్వెంతీయో’ లందురు. గదికొక కుటుంబము, అందరికిని ఒకటే ముంగిలి. ఆ ముంగిళ్లలో భాషలును కలిసిపోయెను. పనిని ఆ నగరమున నేటికిని ‘లబూరో’ అందురు. అది ఇటాలియనుల మాటనుండి వచ్చినదే.

1907లో అద్దెలు పెరుగగా వేలాది కుటుంబములు చెల్లింపు మానివేసెను. నూటికి ముప్పదివంతులు తగ్గింపుడని కోరుచు స్త్రీలును పిల్లలును చీపుళ్లు చేబూని వీథులలో ఊరేగిరి. ప్రభుత్వము బలవంతముగ ఇండ్లు ఖాళీ చేయించెను. ఒక బాలుడు కాల్పులలో మరణించెను. 1902 నాటి చట్టమును ప్రయోగించి, విచారణ లేకయే కొందరు విదేశీయులను దేశమునుండి వెడలగొట్టిరి. పిలిచిన చేతితోడనే గెంటివేసిన ఆ చట్టము 1958 వరకు నిలిచియుండెను.

నేటి ప్రవాసికిని ఇంటి చిక్కు తీరలేదు. అద్దెకు దిగువానికి నగరమున సొంత ఆస్తి గల వ్యక్తి హామీ ఉండవలెనని యజమానులు అడుగుదురు. నిన్న విమానము దిగినవానికి అట్టి ఆప్తుడు ఎచ్చటినుండి వచ్చును? కొందరు రుసుము చెల్లించి బీమా సంస్థ హామీని పొందుచున్నారు. మరికొందరు హెచ్చు ధరకు తాత్కాలిక వసతులలో గడుపుచున్నారు.

2020లో అద్దెదారుల రక్షణకై మూడేండ్ల ఒప్పందమును విధించు చట్టము వచ్చెను. కాని పెసో విలువ నానాటికి పడిపోవుచుండగా పెక్కుమంది యజమానులు ఇండ్లిచ్చుటయే మానుకొనిరి. 2023లో ధరలు ఒక్క యేటనే నూటికి 211 వంతులు పెరిగెను. ఆ యేటి డిసెంబరులో చట్టము రద్దు కాగా గడువు, నాణెము, పెంపుదల అన్నియు ఇరువురి ఒడంబడికకే విడువబడెను. కావున అచ్చటికి పోవువారు అద్దె పెసోలలోనా డాలర్లలోనా, ఎన్ని నెలలకొకసారి పెరుగును అనునవి స్పష్టముగ వ్రాయించుకొనిన పిమ్మటనే సంతకము చేయుట మేలు.

అద్దె యిండ్ల బాధ మన శ్రోతలలో చాలమందికి తెలిసినదే. వలస వచ్చువానికి నేల చూపుట ఒక యెత్తు, నీడ చూపుట ఒక యెత్తు. మొదటిదానిని ఆ నగరము ఉదారముగ చేసినది. రెండవది నేటికిని పూర్తికాలేదని మా అభిప్రాయము.