మూడు గంటల పరీక్ష - మూడు నెలల అభ్యాసము
(రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ వేళ పరీక్షలను గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. గ్రంథాలయము జ్ఞానమునకు నిలయము. పరీక్షకు కావలసినవి మార్కులు. అయినను పల్లె పిల్లలకు పదవ తరగతి పరీక్ష పైచదువునకు గడప వంటిది. ఆ గడప దాటలేక చదువు మానినవారిలో విషయము తెలియనివారు కొందరు. తెలిసియు వేళకు వ్రాయలేనివారు మరికొందరు. ఈ రెండవ తెగవారి నష్టము మిక్కిలి శోచనీయము. ఏలయన అది నివారింపదగిన నష్టము.

2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పదవ తరగతి గణిత పరీక్షను ఉదాహరణముగా గైకొనవచ్చును. మార్కులు 100, కాలము 3 గంటల 15 నిమిషములు. అందు 15 నిమిషములు ప్రశ్నపత్రమును చదువుకొనుటకు. వ్రాతకు మిగిలినవి 180 నిమిషములు. ప్రశ్నలు 33: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఒక మార్కు ప్రశ్నకు ఒక నిమిషము, రెండు మార్కులకు మూడు, నాలుగు మార్కులకు ఏడు, ఎనిమిది మార్కులకు పదునాలుగు నిమిషముల చొప్పున కేటాయించినచో మొత్తము 162 నిమిషములగును. తక్కిన 18 నిమిషములు సరిచూచుకొనుటకు మిగులును. ఈ లెక్క తెలిసిన విద్యార్థి గడియారమును చూచి బెదరడు.

తెలియనివాడు చేయు పొరపాటు ఒకటి కలదు. తనకు బాగుగా వచ్చిన ఎనిమిది మార్కుల ప్రశ్నకు అరగంట వ్రాయును. ఎంత వ్రాసినను దానికి ఎనిమిదికి మించి రావు. అదనముగా పోయిన పదునారు నిమిషములలో నాలుగు మార్కుల ప్రశ్నలు రెండు వ్రాయదగియుండెను. తోచని ప్రశ్నవద్ద కలము పట్టుకొని కూర్చుండుటయు ఇట్టిదే. దానికి చోటు విడిచి ముందునకు సాగి, తుదకు మరల రావలయును.

ఇక అభ్యాసక్రమము. చదివినదానినే పదేపదే చదువుట సులభము. పుస్తకము మూసి వ్రాయుట కష్టము. కాని నిలుచునది కష్టపడినదియే. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, పాఠమును మరల చదివినవారికంటె, చూడక జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసినవారు ఒక వారము తరువాత ఎక్కువ చెప్పగలిగిరి.

కావున మొదటి నెలలో గడియారము ప్రసక్తి లేక, చూడకుండ సంపూర్ణముగా వ్రాయుట నేర్పవలయును. రెండవ నెలలో ఒక్కొక్క ప్రశ్నకు కాలము నిర్ణయింపవలయును. పెద్ద ప్రశ్నకు ముందొక నిమిషము చిత్తుకాగితముపై అంశములను వరుసగా గుర్తించుకొనుట అలవరచవలయును. మూడవ నెలలో వారమున కొకసారి పూర్తి పత్రమును, పరీక్ష జరుగు వేళకే వ్రాయింపవలయును.

ఇందు ఉపాధ్యాయులకు ఉపకరించు ఉపాయ మొకటి కలదు. గడువు ముగియగానే విద్యార్థి జవాబు క్రింద గీత గీసి, తక్కిన భాగమును వేరొక రంగు సిరాతో పూర్తి చేయవలయును. గీతకు పైన నున్నది కాలము చాలినంత మేర వ్రాసినది; క్రింద నున్నది తెలిసియు అందనిది. క్రింది భాగము నిండుగా నున్న పిల్లవానికి వలసినది వేగము. గడువు తీరినను అది శూన్యముగా నున్నవానికి వలసినది పాఠము. ఇద్దరికిని ఒకే మందు ఇచ్చుట తగదు. దివ్యాంగులైన విద్యార్థులకు అదనపు సమయము, లేఖకుని సహాయము పొందు అవకాశము కలదు. అందులకు ముందుగనే దరఖాస్తు చేయించుట పెద్దల విధి.

అయితే దినదినము పరీక్షలే పెట్టి పిల్లలకు చదువనిన విసుగు పుట్టించుట ప్రమాదము. గైడు పుస్తకమును వల్లించినవాడు ప్రశ్న మాట మారినంతనే తడబడును. పలు గ్రంథములు చదివినవానికి మాట తడుముకొను పని యుండదు. వేగమునకు మూలము చేతివ్రాత మాత్రమే కాదు, భావము స్పష్టముగా నుండుట. ఆ స్పష్టత నిచ్చునది గ్రంథాలయము.

మరియొక సాయమును గూడ గ్రంథాలయము చేయగలదు. ఒకే గది గల ఇండ్లలో మూడు గంటల నిశ్శబ్దము దొరకుట దుర్లభము. బాలికలకైన ఇంటి పనుల నడుమ అరగంటయైనను చిక్కదు. పరీక్షలకు ముందు మూడు నెలలు, ఆదివారము ఉదయమున పఠనమందిరములో నాలుగు బల్లలు, ఒక గోడ గడియారము, పాత ప్రశ్నపత్రముల కట్ట, పర్యవేక్షించు ఒక పెద్దమనిషి ఉన్న చాలును. ఖర్చు స్వల్పము. తల్లిదండ్రులు ఆ కొన్ని గంటలు పిల్లలను పనినుండి విడిచిపెట్టుటయే వారు ఇచ్చు చందా.

ఇంత చేసినను తప్పిన పిల్లలుందురు. వారిని వెంటనే పొలమునకో పెండ్లిపీటలకో పంపరాదు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉండనే ఉన్నది. అదే బల్ల, అదే గడియారము వారికొరకు మరల సిద్ధముగా నుండవలయును. మూడు గంటలలో వ్రాయలేకపోయినదానికి ఒక జీవితకాలపు శిక్ష విధించుట న్యాయము కాదు. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన సంస్థ, వానిని చదువు పిల్లలను గూడ కాపాడునుగాక.

స్వస్తి.